టీకా కార్డు ఆత్మకథ

పెంపుడు కుక్కకు తొలిసారి రేబిస్ టీకా వేయించినప్పుడు పశువుల దవాఖానాలో యజమాని చేతికిచ్చే మడత అట్ట టీకా కార్డు. ఇక్కడ తన బతుకు చెప్పుకుంటున్న కార్డు సోలాపూర్ హోట్గి రోడ్‌లో ఒక నేతకారుల ఇంటిది.

పుట్టింది అచ్చాఫీసులో. కుక్క పేరు, రంగు, వయసు రాసే గీతలు. వాటి కింద టీకా వేసిన తేదీకి, మళ్లీ వేయించాల్సిన తేదీకి, డాక్టరు సంతకానికి గళ్లు. నట్టల మందుకు మరో వరుస. మూడు నెలల గోధుమరంగు కుక్కపిల్లతో తొలి గడి నిండింది. మందు సీసా మీది చీటీని ఒలిచి అందులో అంటించారు. ఆ చీటీ ఈ కార్డుకు నేటికీ గర్వకారణమే. దాని వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు టీకా మొదలుపెట్టించి బతికించాడు. మన దేశంలో 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిసింది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం ఇప్పుడు అక్కర్లేదు. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు సూది చేతికే.

తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీలు తరాలుగా చద్దర్లు, తువ్వాళ్లు నేస్తున్న ఊరు సోలాపూర్. సాంచెల చప్పుడు మధ్య ఆ ఇంట్లో కార్డుకు మొదట దేవుడి పటం వెనుక చోటు దొరికింది. ఏడాది తిరిగింది, రెండో గడి నిండలేదు. “ఒకసారి వేయించినం గదా” అన్నారు. కుక్కకు టీకా బలం జీవితాంతం ఉండదు, డాక్టరు రాసిచ్చిన తేదీకి మళ్లీ వేయించాలి. ఆ తేదీ కార్డు మీదే ఉంది, చూసినవారు లేరు. కొన్నాళ్లకు దాని వెనుక చద్దర్ల లెక్క రాశారు. తర్వాత బీరువా కోడు కింద ఎత్తు కోసం మడిచి పెట్టారు. సంతకం మీద నూనె మరక పడింది. నట్టల మందు వరుస మొత్తం ఖాళీగానే మిగిలింది. కుక్కపిల్లల మలంతో మట్టిలో చేరే నట్టల గుడ్లు, ఆ మట్టిలో ఆడుకునే పిల్లల చేతుల నుంచి నోటికి చేరతాయనే ఆ వరుస పెట్టింది.

ఒకరోజు ఆ కుక్క పక్కింటి పిల్లవాడి పిక్క పట్టింది. గాయానికి కారం అద్దబోయారు. అప్పుడు కార్డును బయటికి లాగితే, అందులో కనిపించింది గడువు దాటిన తేదీ. కాపాడాల్సిన చోట చెప్పడానికి మాట లేకపోవడమే ఈ కార్డు పడ్డ అసలు బాధ.

అలాంటప్పుడు చేయాల్సింది స్పష్టం. రేబిస్ వైరస్ ఆ జబ్బు సోకిన కుక్క చొంగలో ఉంటుంది; కాటు, గోటి గీత, పుండు మీద నాకడం ద్వారా ఎక్కి, నరాల వెంట మెదడుకు చేరుతుంది. ఎక్కువ మందిలో ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది. లక్షణాలు వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. కాబట్టి కారం, పసుపు, సున్నం, పసర్లు పెట్టకూడదు. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే దవాఖానాకు వెళ్లాలి. డాక్టరు చెప్పిన సూదులన్నీ పూర్తి చేయాలి. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. కుక్కకు టీకా ఉందన్న ధీమాతో చికిత్స ఆపకూడదు. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలి.

ఆ పిల్లవాడికి సూదులన్నీ పడ్డాయి, బతికాడు. కుక్కా పది రోజులు దాటి బాగానే ఉంది. కార్డు మాత్రం పాత కాగితాల బస్తాలో పడింది.

కుక్కల వల్ల సోకే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. ఊళ్లోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వ్యాధి గొలుసు తెగుతుంది. ఆ లెక్కలో ప్రతి ఇంటి కుక్కా ఉంది. కార్డును రేషన్ కార్డు పక్కన దాచి, ఏటా ఒక గడి నింపడం ఇంటివారి పని.