వేలిముద్రల సీమలో వీలునామా

మా వకీలు మిత్రుడిది వీలునామాల ప్రాక్టీసు. వీలునామాకు తెల్లకాగితం చాలు. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మీ ఇష్టం, సాక్షులు ఇద్దరుంటే సరి. "మరి నీకు ఫీజెందుకు?" అంటే, "రాసినందుకు కాదు, రాయకపోతే ఏమవుతుందో చెప్పి భయపెట్టినందుకు" అంటాడు. మద్రాసు, కలకత్తా, బొంబాయి వకీళ్ళకు ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేయించడం, అనే రెండో పంట ఉండేది. హైదరాబాదులో భయమొక్కటే సాగు. అదీ పలచబడిందని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో దుకాణం తెరవడానికి బయల్దేరాడు.

బస్తరే ఎందుకయ్యా అంటే చరిత్ర విప్పాడు. "అక్కడి రాజులు మనవాళ్ళే. 1323లో ఓరుగల్లు కూలాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అటే వెళ్ళాడంటారు. నడిచినంత మేరా నీదే, నీ వెనకే వస్తాను, తిరిగి చూడొద్దని దంతేశ్వరి చెప్పిందట. ఏటి ఇసుకలో అందెల చప్పుడు ఆగింది, ఆయన తిరిగి చూశాడు, దేవి అక్కడే నిలిచిపోయింది. సాక్షి లేడు, దావా లేదు!" అందులో ఆశ్చర్యమేముంది? వెనక్కి చూసి నష్టపోయినవాడు అన్నమదేవుడు. తండ్రి ఊపిరి ఉండగానే ముందుకు చూసేవాళ్ళు మావాడి క్లయింట్లు.

ఆ వంశంలోనే ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ అడిగినవాడికల్లా డబ్బు పంచేవాడని పేరు. 1953లో సర్కారు ఆయన ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి, అంటే ఆస్తి చూసుకోలేనివాళ్ళ తరఫున సర్కారే చూసే పద్దు కిందికి, తెచ్చుకుంది. బతికుండగా చేతులారా పంచితే మతి నిలకడ లేనట్టు, చచ్చాక పంచితే ముందుచూపు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ కోటలో పోలీసు కాల్పుల్లో ఆయన ప్రాణం పోయింది. ఆ రోజు సాక్షులకు కొదవ లేదు, సాక్ష్యానికే.

రాజులు లాభం లేదని మావాడు దంతెవాడ పల్లెలకు దిగాడు. అక్కడ మాడియా గిరిజనులు పోయినవాళ్ళకు స్తంభాలు నిలుపుతారు. వాటిమీద ఎద్దులు, సైకిళ్ళు, ఆ మనిషి ఇష్టపడ్డవన్నీ బొమ్మలు. "చచ్చాక ఆస్తి జాబితా! రోడ్డు పక్కన! ఎవరైనా చదవొచ్చు!" మావాడు గుండె పట్టుకున్నాడు. వాడి వృత్తి మొత్తం కవరుకు లక్క వేయడంలోనే ఉంది మరి.

మిర్చి కోతలకు భద్రాచలం వైపు వచ్చి తెలుగు నేర్చుకున్న ఒకావిడ కనిపించింది. వాడు కాగితం తీశాడు. ఆవిడ రెండడుగులు వెనక్కేసింది. తప్పు ఆవిడది కాదు. సొంత పట్టాలో ఉన్న టేకు చెట్లను వ్యాపారులు చిల్లరకు రాయించుకుపోయిన 'మాలిక్ మక్బూజా' బాగోతం 1990లలో సుప్రీంకోర్టు దాకా పోయింది. కాగితం వచ్చిందంటే చెట్టు పోతుందని బస్తర్‌కు అనుభవం.

"ఇది మంచి కాగితమమ్మా, నీ భాగం నీకు వస్తుంది" అన్నాడు.

"చట్టంలో మాకు భాగం ఉందా, బాబూ?"

మావాడు నీళ్ళు నమిలాడు. 1956 హిందూ వారసత్వ చట్టం రెండో సెక్షన్‌లోనే గిరిజనులకు ఇది వర్తించదని గడప దగ్గరే ఆపేసింది. ఆచారం చూసుకోమంది. ఆచారమేమో అన్నదమ్ముల నోట్లో ఉంది.

"సుప్రీంకోర్టు ఇచ్చిందమ్మా! 2025 జులైలో, మీ ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులోనే. ఆడపిల్లకు వాటా లేదనే ఆచారం ఉందని ఎవరూ రుజువు చేయలేదు కాబట్టి సమాన వాటా ఇవ్వాల్సిందేనంది."

"గొడవ ఎప్పుడు మొదలైంది?"

"1992లో."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్క కట్టింది. ముప్పయ్ మూడు. వాటా అడిగింది ఆ ఆడబిడ్డ పిల్లలని చెప్పేసరికి వేళ్ళు విప్పేసింది.

"మా తాత స్తంభం మీద ఎద్దులు వేశాం, బాబూ. వాళ్ళ స్తంభం మీద వాయిదా కాగితాలు వేయాల్సిందే. పిల్లలకు చేతికందింది అదొక్కటే కదా."

మావాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో నాకు ఫోన్ చేసి అడిగాడు: "నా స్తంభం మీద ఏం వేస్తారంటావ్?"

చెప్పాను. లక్క వేసిన కవరు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, ఫీజు మాత్రం ముట్టింది.