రొట్టె విరిగి నేతిలో పడింది

మేం లియోన్‌లో ఉండే మేడ దిగి, సందు తిరిగితే బులాంజెరీ. అంటే రొట్టె అక్కడే పిసికి, అక్కడే కాల్చి అమ్మే కొట్టు. అలా చెయ్యని కొట్టు ఆ పేరుతో బోర్డు పెట్టకూడదని 1998లో చట్టమే చేసుకున్నారు ఈ ఫ్రెంచివాళ్లు. యూరో మీద కాస్త చిల్లర ఇస్తే బాగెత్ అనే పొడవాటి రొట్టె వేడి వేడిగా చంకలోకొస్తుంది. ఇంత సుఖంగా సాగుతున్న బతుకులో నాకు పౌరుషం పొడుచుకు రావడానికి కారణం ఒక తమిళుడు.

ఏటా పారిస్‌లో ఉత్తమ బాగెత్ పోటీ జరుగుతుంది. గెలిచినవాళ్లు ఏడాదిపాటు అధ్యక్షభవనానికి రొట్టె పంపుతారు. 2023లో గెలిచింది శ్రీలంక నుంచి వచ్చిన థర్శన్ సెల్వరాజా.

"తమిళుడు చేసింది తెలుగువాడు చెయ్యలేడా?" అన్నాను.

"ఆయనకది వృత్తి. మీకు ఆదివారం తోచకపోవడం," అంది మా ఆవిడ.

పైగా మాది కాకినాడ. పక్కనున్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లదే. ఆ లెక్కన రొట్టెలో నాకూ పిసరంత వాటా ఉందనుకున్నాను.

సరుకులు చూస్తే నవ్వొచ్చింది. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు లేదా పులిసిన పిండిముద్ద. సంప్రదాయ ఫ్రెంచి రొట్టె అనిపించుకోవాలంటే రసాయనాలు కలపకూడదని, ముద్దని గడ్డకట్టించి దాచకూడదని 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు. మా ఇంట్లో చారుకే పది దినుసులు. నాలుగింటికి జంకుతానా?

అరకిలో పిండికి 340 గ్రాముల నీళ్లు పోశాను. చపాతీ ముద్దలా మాట వినే రకం కాదది. రెండు చేతులూ అందులోనే ఇరుక్కుపోయాయి. ముక్కు దురదపెడితే మా ఆవిడే వచ్చి గోకాల్సి వచ్చింది. ముద్ద రాత్రంతా ఫ్రిజ్‌లో మెల్లగా పులిస్తేనే రుచి అని పుస్తకంలో ఉంది. ఇక్కడి చలికాలంలో ఇడ్లీపిండిని హీటరు పక్కన పెట్టి పొంగించిన ఘనుణ్ణి, నాకు పులియబెట్టడం నేర్పుతారా? ముద్దనీ అక్కడే పెట్టాను. చూస్తుండగానే గిన్నె అంచు దాటింది. దాంతోపాటు నేనూ పొంగాను.

అసలు బాగెత్ దాదాపు అరవై సెంటీమీటర్ల పొడవుంటుంది. మా ఓవెన్‌లో అడ్డంగా పెట్టినా, మూల నుంచి మూలకి పెట్టినా తోక బయటే. సరే, పొట్టివే చేశాను. కాల్చేముందు రొట్టె వీపున బ్లేడుతో ఏటవాలు గాట్లు పెట్టాలి. లేకపోతే తనకి తోచినచోట పగిలిపోతుంది. గాటు విచ్చుకుని లేచిన అంచు చూసి, చేసినవాడి చెయ్యి ఎలాంటిదో చెప్పేస్తారిక్కడ. నా బ్లేడు తగలగానే రొట్టె ఉస్సురంది. అతిగా పులిసిన ముద్దకి గాలిని పట్టి ఉంచే సత్తువ ఉండదు. ఎండలో ఆరబెట్టిన మామిడితాండ్రలా చదునుగా పడుకుంది.

ఆవిరి కాపాడుతుందేమో అనుకున్నాను. మొదట్లో పైపొర తడిగా ఉంటేనే రొట్టె సాగి పెరుగుతుంది. 250 డిగ్రీల్లో కాలిన పళ్లెంలో మరిగే నీళ్లు గుమ్మరించాను. ఆవిరి ఓవెన్‌లో ఉండకుండా వంటింట్లోకి వచ్చింది. కళ్లజోడు మసకబారింది. పొగ అలారం గోల మొదలెట్టింది.

ఎదురింటి పెద్దావిడ పరుగున వచ్చారు. "ఏం లేదు మదాం, బాగెత్ కాలుస్తున్నాను," అన్నాను. ఆవిడ మొహంలో కంగారు పోయి జాలి వచ్చింది.

"అయ్యో, బులాంజెరీ మూసేశారా?"

ఎనభై ఏళ్ల ఫ్రెంచి మనిషి, ఒక్కరోజూ ఇంట్లో బాగెత్ కాల్చలేదట. కాకినాడలో పుట్టి నేనెప్పుడైనా గొట్టం కాజా ఇంట్లో చేశానా? ఊళ్లోవాళ్లు కొట్టుకెళ్లి కొనుక్కుంటారు. ఇంట్లో చేసి చూడాలన్న యావ పొరుగూరివాడికే పుడుతుంది.

నా రొట్టె మోకాలికేసి కొడితేగాని విరగలేదు. మా ఆవిడ మాట్లాడకుండా ఆ ముక్కల మీద నీళ్లు చిలకరించి, నెయ్యి కాచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, జీడిపప్పు వేయించి బ్రెడ్ ఉప్మా చేసింది. మదాం రెండుసార్లు వడ్డించుకున్నారు. చెంచా నాకి, "ఇంత బాగుంది, ఇది ఏ కొట్లో దొరుకుతుంది?" అని అడిగారు.

ఈసారి జాలిపడటం మా ఆవిడ వంతు.

"అయ్యో మదాం, ఉప్మా ఎవరైనా కొనుక్కుంటారా?"