ముద్దాయి మా అబ్బాయే

పాఠక న్యాయమూర్తుల సమక్షానికి, కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటుకు కాగితాల మీద మాత్రమే యజమానినైన నేను సమర్పించుకుంటున్న ఫిర్యాదు ఏమనగా:

ముద్దాయి నా ఏకైక కుమారుడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. గతంలో నేరచరిత్ర లేదు. ఇంట్లో ఒక్క బల్బు మార్చిన దాఖలా కూడా లేదు. అలాంటివాడు ఈమధ్య సోల్డరింగ్ నేర్చుకుంటానని బయల్దేరి మా డైనింగ్ టేబుల్‌ని స్వాధీనం చేసుకున్నాడు. మేము కింద చాప మీద భోంచేస్తున్నాం. నా మోకాళ్ల సంగతి వేరే కేసు, దాన్ని విడిగా దాఖలు చేస్తాను.

నేరానికి ప్రేరణ వాడి గేమ్ కంట్రోలర్. దాని మీద బొటనవేళ్లతో తిప్పే స్టిక్కులు రెండుంటాయి. ఎవరూ ముట్టుకోకపోయినా ఎడమ స్టిక్కు ఆటలోని మనిషిని నడిపించేస్తోందిట. దీనికి డ్రిఫ్ట్ అని పేరు. నేనూ చూశాను. ఆ మనిషి తనంతట తానే వెళ్లి గోడకు ముఖం ఆనించి, అక్కడే కాళ్లాడిస్తున్నాడు. మా ఆఫీసులో అలా నడిచినవాళ్లు నిండు సర్వీసు పూర్తిచేసి పెన్షన్ పుచ్చుకుంటున్నారు. ఎవరూ వాళ్లను విప్పి చూడలేదు.

వీడు విప్పాడు. లోపల తేలిందేమిటంటే, స్టిక్కు కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు, వాటిలో కార్బన్ పూత, ఆ పూత మీద రుద్దుకుంటూ తిరిగే లోహపు రేకు. రుద్దగా రుద్దగా పూత అరిగిపోతుంది, రేకు చెప్పే లెక్క తప్పుతుంది. పాత రేడియోల్లో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది కూడా ఇందుకే. మా కాలంలో దానికి వైద్యం నెత్తిన ఒక్కటివ్వడమే. ఆ సలహా ఇచ్చాను, తోసిపుచ్చారు.

"కొత్తది కొంటే అయిదారు వేలు నాన్నా! ఈ స్టిక్కు ఒక్కటీ మార్చుకుంటే వందల్లో అయిపోతుంది" అన్నాడు. పొదుపు పేరు చెబితే ఏ కాగితం మీదైనా నా చేత సంతకం పెట్టించవచ్చన్న రహస్యం వాడికి వాళ్లమ్మే చెప్పి ఉండాలి.

ఇక ఆ వందల వ్యవహారం ఎలా నడిచిందో మనవి చేసుకుంటాను. ముందు సోల్డరింగ్ ఐరన్. దాన్ని ఆనించడానికి స్టాండు. దాని మూతి తుడవడానికి ఇత్తడి పీచు. సోల్డర్ తీగ, ఫ్లక్స్ డబ్బీ, కరిగిన సోల్డర్‌ను పీల్చే పంపు, పంపు వదిలేసింది పీల్చడానికి రాగి అల్లిక, మల్టీమీటర్. ఇందులో ఏది తగ్గినా మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి, కోఠీ గుజరాతీ గల్లీకి ప్రయాణం. ఆ గల్లీలో రెసిస్టర్ కోసం వెళ్లినవాడు రెసిస్టర్ ఒక్కటే కొనుక్కుని తిరిగొస్తే అది చరిత్ర. తీరా మొదట కొన్న 25 వాట్ల ఐరన్ చాలదని తేల్చి, వేడిని అంకెల్లో చూపించేది ఇంకోటి తెచ్చాడు.

ఎందుకు చాలదంటే, దానికీ ఓ పురాణం ఉంది. స్టిక్కు మాడ్యూల్‌కు 14 కాళ్లు. పొటెన్షియోమీటర్లవి ఆరు, కింది నొక్కుడు స్విచ్చువి నాలుగు, చట్రాన్ని బోర్డుకు బిగించేవి నాలుగు. పదమూడు ఊడినా ఒక్కటి పట్టుకుని ఉందంటే మాడ్యూల్ కదలదు. పైగా చట్రం కాళ్లు బోర్డులోని గ్రౌండ్ రాగి పొరకు అతుక్కుని ఉంటాయి. ఎంత వేడి పెట్టినా ఆ రాగి తాగేస్తుంది. ఫ్యాక్టరీలో వేసేదేమో సీసం లేని సోల్డర్, 217 డిగ్రీలు దాటితే గాని కరగదు. బజార్లో దొరికే 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిపిన తీగ 183 డిగ్రీలకే కరుగుతుంది. అందుచేత ఉన్న సోల్డర్ తియ్యాలంటే ముందు దాని మీద ఇంకాస్త సోల్డర్ పొయ్యాలిట! రెండూ కలిస్తే తక్కువ వేడికే లొంగుతాయిట. ఈ సూత్రం మీద మా బావమరిది ఎన్ని లోన్లు నడిపాడో తెలిసినవాణ్ని కనక నోరు మూసుకున్నాను.

తొందరపడి లాగితే కాలితోపాటు బోర్డు మీది రాగి ప్యాడ్ కూడా లేచొస్తుంది. ఇక ఆ బోర్డు పని అయినట్టే. కాబట్టి చెయ్యి తిరిగేదాకా పనికిరాని బోర్డుల మీద సాధన చెయ్యాలన్నాడు. ఏది పనికిరానిదో తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. పాత సెట్‌టాప్ బాక్సు పోయింది. దోమల బ్యాటు పోయింది. దోమలు ఉన్నాయి.

పొగ గురించి అడిగితే అది సీసానిది కాదని, ఆ మాత్రం వేడికి సీసం ఆవిరి కాదని ముద్దాయి వాదన. పొగంతా ఫ్లక్స్‌లోని రోజిన్‌ది, అంటే పైన్ చెట్ల బంకది. అలాగని అది ఆరోగ్యానికి మంచిదేమీ కాదు, పీలుస్తూ పోతే ఉబ్బసం రావచ్చు. సీసం చేతులకంటి నోట్లోకి పోతుంది. ఈ చివరి మాట మా ఆవిడ చెవిన పడటంతో టేబుల్ మీద అన్నం వడ్డించేది లేదని తీర్పు వెలువడింది. దాని మీద అప్పీలు లేదు. వాడి చేతులు కడిగించడానికి కొత్త సబ్బు కూడా నా ఖాతాలోనే.

ఇక సాక్షి. మా అమ్మను నా తరఫున పిలిచాను. అప్పటికి వీడు ఐరన్ మూతి మీద సోల్డర్ ముద్ద కరిగించి, తీసుకెళ్లి కాలికి పులుముతున్నాడు. అది అంటీ అంటనట్టు నిలిచి, మసకగా, గరుకుగా గట్టిపడుతోంది. కోల్డ్ జాయింట్ అంటారుట. అమ్మ కాసేపు చూసింది. "గిన్నె కాగకుండా తగరం పెడితే అంటుతుందట్రా? ముందు గిన్నె కాలాలి, నవాసారం చల్లాలి, అప్పుడు తగరం తాకిస్తే అదే పరుచుకుంటుంది" అంది. వాళ్లూళ్లో వేపచెట్టు కింద తిత్తి ఊదుకుంటూ ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాణ్ని చిన్నప్పుడు రోజంతా కూర్చుని చూసేదట. వాడు కాలినీ ప్యాడునీ కలిపి వేడిచేసి, తీగను ఐరన్‌కి కాకుండా ఆ కాలికి తాకించాడు. సోల్డర్ చుట్టూ పారి తళతళలాడింది. "నానమ్మా!" అని వాడు గంతేశాడు. నవాసారం గడ్డ మీద ఐరన్ మూతిని రుద్ది శుభ్రం చేసే పద్ధతి ఇప్పటికీ ఉందని ఆవిడకు సవినయంగా విన్నవించాడు. నా సాక్షి అక్కడికక్కడే అడ్డం తిరిగింది. ఇప్పుడు టార్చి పట్టుకునేది ఆవిడే. శుక్లాల ఆపరేషన్ అయిన కంటితో ఏ జాయింటు మెరవలేదో ఆవిడే చెబుతుంది.

కార్బన్ అరిగిపోయే గొడవే ఉండకూడదని కొత్త స్టిక్కులు అయస్కాంతంతో పనిచేసేవి వేశాడు. ఒకదాన్నొకటి రుద్దుకోవు, అరగవు. వీటిని నడిపే హాల్ ఎఫెక్టును 1879లో బాల్టిమోర్‌లో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి కనిపెట్టాడు. ఆయన తండ్రి ఎక్కడ భోంచేశాడో చరిత్రకారులు పట్టించుకోవాలి. 1998లోనే సెగా వాళ్లు డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో ఇలాంటి సెన్సార్లు పెట్టారు. ఆ తర్వాత కూడా కార్బన్ పట్టుకుని వేలాడిన కంపెనీలన్నీ నా దృష్టిలో సహముద్దాయిలే.

ఆటలోని మనిషి ఇప్పుడు చెప్పిన చోట నిలబడుతున్నాడు. కేసు ముగిసిందనుకుంటారు ఎవరైనా. కానీ ట్రిగ్గర్ మెత్తగా ఉందని మౌసులో ఉండేలాంటి క్లిక్ స్విచ్చు పెట్టాడు. వెనకవైపు రెండు బటన్లు అమర్చి, వెంట్రుకంత తీగలతో బోర్డుకు అతికాడు. వాడి స్నేహితులు క్యారీబ్యాగుల్లో తమ కంట్రోలర్లను తెచ్చి మా గుమ్మంలో పెడుతున్నారు. వాళ్లకు మా అమ్మ జంతికలు పెడుతోంది.

అన్నిటికన్నా ఘోరం మొన్న జరిగింది. మా కాలింగ్ బెల్ చాలాకాలంగా మోగడం లేదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు మెయింటెనెన్స్ బకాయి కోసం వచ్చి, నొక్కి నొక్కి వెళ్లిపోతుండేవారు. లోపల తెగిన తీగను వీడు నా అనుమతి లేకుండా అతికేశాడు. సాయంత్రం అది ఖంగుమంది. తలుపు తీసింది మా అమ్మ. "మావాడు ఇంట్లోనే ఉన్నాడు బాబూ, రండి" అంది.