డెబ్బై ఆరు కేజీల పిడికిలి

గుత్తి ఆర్.ఎస్.లో టీ అంగళ్ల దగ్గర ఎప్పటికీ తెగని పంచాయితీలు రెండు. ఈ తడవైనా వాన పడుతుందా అన్నది ఒకటి. ఎవరి హీరో గుద్దు గట్టిది అన్నది రెండోది. వాన సంగతి వాతావరణ శాఖకే అంతు చిక్కదు, మనం వదిలేద్దాం. గుద్దుకు మాత్రం లెక్క ఉంది.

వేన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల చేత, కొలత పరికరాలు బిగించిన బొమ్మ మనిషి దవడ మీద గుద్దించి చూశారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పిడికిలి వేగం సగటున సెకనుకు 9.14 మీటర్లు, అంటే గంటకు 33 కిలోమీటర్లు. దాదాపు యాభై కేజీల ఫ్లైవెయిట్ గుద్దు 1,990 న్యూటన్లు, అందరికన్నా బరువైన సూపర్ హెవీవెయిట్‌ది 4,741. మండీ భాషలో చెప్పుకుంటే మొదటిది రెండు క్వింటాళ్లు, రెండోది ఐదుకు కాస్త తక్కువ. ఈ తేడాకు పెద్ద కారణం చేతి వేగం కాదు, ఆ చేతి వెనక గుద్దులోకి దిగే బరువు. ఆ దిగే బరువు కూడా సగటున ఎంతనుకున్నారు? 2.9 కేజీలు. క్వింటాలు మనిషైనా గుద్దులో పెట్టగలిగేది పిడికెడే.

"యాభై కేజీల మనిషి కొడితే రొంత నొప్పి పుడ్తాది, అంతే గదప్పా" అనే వస్తాదులు మన దగ్గర చాలామంది. దవడ మీద రెండు క్వింటాళ్లు పడితే ఎంత నొప్పో చెప్పడానికి వాళ్లకు అప్పుడు నోరుండదు.

ఇప్పుడు తెర మీదికి వద్దాం. హీరో గుద్దుతాడు. డెబ్బై కేజీల రౌడీ పది మీటర్లు ఎగిరి టమోటా బుట్టల మీద పడతాడు. ఈ సీమలో టమోటా ధర లేక రోడ్డు మీద పారబోసేది రైతులు, సినిమాలో రౌడీలు. పై లెక్క ప్రకారం ఒలింపిక్ బాక్సరు గుద్దు సగటున ఆ రౌడీని వెనక్కి తోసే వేగం గంటకు కిలోమీటరున్నర కూడా లేదు. గుత్తి కోట మెట్లెక్కే ముసలాయన అంతకన్నా జోరుగా పోతాడు. నిజమైన నాకౌట్‌లో మనిషి ఎగరడు. తల విసురుగా తిరిగి, మెదడు అదిరి, నిలబడ్డచోటే కుప్పకూలుతాడు. పది మీటర్లు ఎగరాలంటే సెకనుకు దాదాపు పది మీటర్ల వేగంతో బయల్దేరాలి. అంత ఊపు ఇవ్వడానికి పిడికిలిలోకి 76 కేజీలు దిగాలి. చేయి చాలదు. హీరోనే మొత్తంగా ఎత్తి రౌడీ మీదికి విసరాలి.

అంతటితో అయిపోలేదు. తొమ్మిదో తరగతిలో చదువుకున్న న్యూటన్ మూడో నియమం హీరోకి మినహాయింపు ఇవ్వలేదు. రౌడీ అటు ఎగిరితే, ఎనభై కేజీల హీరో గంటకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఇటు వెనక్కి పోవాలి. కెమెరా మాత్రం హీరో చొక్కా గుండీ కూడా కదలనివ్వదు. 2003లో వచ్చిన 'పల్నాటి బ్రహ్మనాయుడు'లో అయితే తొడ చరిస్తే రైలే వెనక్కి పోయింది. గుత్తి డీజిల్ లోకో షెడ్డు వాళ్లను అడిగి చూడండి. వాళ్ల చేతుల మీదుగా వెళ్లే గూడ్సు ఇంజను ఒక్కటే 126 టన్నులు. దాన్ని అంగుళం జరపడానికి వాళ్లు ఇంకా ఆయిలూ డీజిలే వాడుతున్నారు, అమాయకులు.

కండల మాట కూడా అనుకుందాం. ప్రతి సినిమా ముందు హీరో ఆరు నెలలు జిమ్‌లో పడి రెక్క పెంచాడని వార్త వస్తుంది. 1985లో సోవియట్ పరిశోధకులు గట్టి బాక్సర్ల గుద్దును విడదీసి చూస్తే అందులో కాళ్ల వాటా 38 శాతం పైన, నడుం తిప్పుడు 37 పైన, చేయి వాటా 24. పోస్టర్ మీద మనకు చూపించేది ఆ పావలా వంతునే. గుద్దు నేలలో పుట్టి మడమలోంచి, తుంటిలోంచి పైకి వస్తుంది. జిమ్‌లో కాళ్లకు పని చెప్పని కుర్రాళ్లు అద్దం ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, రింగులో నిమిషం కష్టం. మరో కొలతలో కొత్తగా గ్లవ్స్ కట్టినవాళ్ల వెనక చేతి గుద్దు 2,381 న్యూటన్లుంటే, ఆరితేరినవాళ్లది 4,800 దాకా వచ్చింది. ఆ రెట్టింపు కొన్నది ప్రోటీన్ డబ్బాతో కాదు, ఏళ్ల తరబడి చేసిన సాధనతో.

ఇక 2022. ఆ ఏడు తెలుగువాళ్ల మీద గుద్దుల వర్షం కురిసింది. ఏప్రిల్‌లో బాక్సింగ్ సినిమా 'గని' వచ్చింది. ఆగస్టులో 'లైగర్' వచ్చింది. అందులో మన హీరో ఏకంగా మైక్ టైసన్‌నే కొట్టాడు. ఇరవై ఏళ్లకే ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయిన టైసన్, పాపం, మన చేతిలో తన్నులు తిని పోయాడు. బాక్సాఫీసు దగ్గర రెండు సినిమాలూ మొదటి రౌండు కూడా నిలబడలేదు, అది వేరే కథ. ఆ రెండింటికీ నడుమ, మే 19న, ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 52 కేజీల విభాగంలో థాయ్‌లాండ్ బాక్సర్‌ను 5–0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఐదుగురు జడ్జీలూ ఒకే మాట అన్నారు. మరుసటి ఏడు ఢిల్లీలో 50 కేజీల్లో మళ్లీ గెలిచింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో 57 కేజీల్లో ప్రపంచ కాంస్యం తెచ్చాడు. అతని తండ్రి దగ్గరే నిఖత్ కూడా శిక్షణ తీసుకుంది. ఒక్క ఊరి నుంచి ఇద్దరు! వాళ్లు గెలిచిన రాత్రి మన కూడళ్లలో ఎన్ని ఫ్లెక్సీలు లేచాయో మీకే తెలుసు.

పెద్ద సినిమా వస్తుందంటే టికెట్ ధర పెంచుకోమని ప్రభుత్వాలు రాత్రికి రాత్రి జీవోలిస్తాయి. తెల్లవారుజామున కరువు నేల మీద కటౌట్‌కు పాలాభిషేకం జరుగుతుంది. బతికున్న మనిషి గుద్దుకు ఖర్చు పెట్టమంటే మాత్రం ఫైలు కదలదు. ఒక సంచీ, రెండు జతల గ్లవ్స్, ఒక మంచి తూకం మిషను కొంటే ఎవరి ఖజానా తరుగుతుంది?

తూకం అంటే గుర్తొచ్చింది. మన ఊరి కొండకు ఈ బరువుల ఆట సంగతి బాగా తెలుసు. మురారి రావు ఘోర్పడే గుత్తి సంస్థానాధీశుడు, హైదర్ అలీ ఎదుట ఏ లెక్కన చూసినా ఫ్లైవెయిటే. 1776లో హైదర్ ఆ కోటను పట్టాడు, కానీ కొండను కూల్చింది ఫిరంగి గుద్దు కాదు. పైన నీళ్లు అయిపోయాయి. బాక్సర్లు, మల్లయోధులు తూకానికి ముందు తమ ఒంట్లో తామే తెచ్చుకునే కరువు అదే. పారిస్ ఒలింపిక్స్‌లో 52 కేజీల విభాగమే లేదు, నిఖత్ 50లో దిగాల్సి వచ్చింది. సీడింగ్ కూడా లేకపోవడంతో ప్రీక్వార్టర్స్‌లోనే చైనా అమ్మాయి వూ యూ ఎదురైంది, ఓడిపోయింది. స్వర్ణం చివరికి వూ యూకే పోయింది. నిఖత్ ఓడిన కొద్ది రోజులకే, 2024 ఆగస్టు 7న, రెజ్లర్ వినేశ్ ఫోగట్‌ను ఫైనల్ రోజున వంద గ్రాములు ఎక్కువున్నందుకు పోటీ నుంచే తీసేశారు. వంద గ్రాములు, అంటే మన అంగట్లో ఒక పొట్లం వేరుశనగ పప్పు. ఆట అంత కఠినంగా తూస్తుంది, ఎందుకంటే రెండు క్వింటాళ్ల గుద్దు తినేవాణ్ని ఐదు క్వింటాళ్ల ముందు నిలబెడితే అది పోటీ కాదు, హత్య. తెర మీద ఆ ఐదు క్వింటాళ్లు ఇరవై మంది మీదికి ఒంటరిగా దూకి ఒక్క గీత పడకుండా తిరిగొస్తే దాన్ని మనం మాస్ అంటాం.

అభిమాన సంఘాల అధ్యక్షులకు ఒక మనవి. ఈసారి ఫ్లెక్సీ మీద మీ హీరో పేరు పక్కన ఆయన బరువు ఎంతో, ఏ విభాగంలో దిగుతాడో కూడా వేయించండి. నిజామాబాద్‌లో ఆయనకు సరిజోడు దొరక్కపోదు. ఆ సరిజోడు డూపును మాత్రం ఒప్పుకోదు.