ఓడ ఖరీదు

కాశీబుగ్గలో విదేశీ ఉద్యోగాల ఆఫీసు నడిపే ఒకాయన కొత్త భవనం కట్టుకున్నాడు. మెట్లెక్కగానే ఎదురుగా నిలువెత్తు అద్దాల బీరువా చేయించి, అందులో పెట్టడానికి ఒక ఓడ కావాలన్నాడు. బజారులో దొరికే తెరచాపల బొమ్మ ఆయనకు వద్దు. ముత్తాత రంగూన్‌లో తీయించుకున్న ఫొటో ఒకటి వాళ్లింట్లో ఉంది. అందులో ముత్తాత తలపాగా చుట్టి, నల్లకోటు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక రేవులో, రెండు పక్కలా చక్రాలున్న పెద్ద పొగ ఓడ. ఆ ఓడే కావాలి. అలాంటి పని చేయగల చెయ్యి వజ్రపుకొత్తూరు వైపు మా ఊళ్లో ఉందని విని, కారు వేసుకుని వచ్చాడు.

ఆ ముసలి వడ్రంగిని నేను బాబాయ్ అంటాను. ద్వారబంధాలు, మంచాలు, పడవలకు తెడ్లు చేసి సంసారం ఈడ్చినవాడు. పెద్ద పనులకు ఒళ్లు సహకరించడం మానేశాక తెప్పలు, మసులా పడవలు జానెడు సైజులో చేసి పిల్లలకు పంచుతుండేవాడు. ఫొటోను వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసి, "సేత్తాను బాబూ" అన్నాడు. ధర ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంగ్లిషులో ఉన్న కొలతలు చదివిపెట్టడానికి నన్ను కూడా పనిలోకి లాగాడు బాబాయ్. అలా ఆ ఓడ పుట్టుక మొదటినుంచీ చూశాను.

ఓడ బొమ్మ చేసే పద్ధతులు రెండున్నాయి. ముక్కలన్నీ ముందే కోసి పెట్టెలో పెట్టి అమ్ముతారు, తెచ్చుకుని అంటించుకోవచ్చు. రెండోది, గీత తప్ప ఏమీ లేనిచోట మొదలుపెట్టి, ప్రతి ముక్కనూ తానే కొలిచి, కోసి, చెక్కి నిలబెట్టడం. ఈ రెండో దారిలో అసలు ఓడ ఎలా బతికిందో తెలియకపోతే చేతి పని ముందుకు సాగదు. ఈ విద్యను నేను గౌరవించేది అందుకే. చేసేవాడు చరిత్రను వేళ్లతో చదువుకుంటాడు.

చదివితే తేలిందేమిటంటే, ఫొటోలోది సముద్రం దాటిన ఓడ కాదు. కళింగపట్నం, గోపాలపురం రేవుల్లో ఒడ్డుకు దూరంగా లంగరేసుకుని, అలల మీదుగా మసులా పడవల్లో వచ్చే మన జనాన్ని ఎక్కించుకుని పోయినవి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు. పక్క చక్రాల స్టీమర్లు ఐరావతి నదివి. 1865లో మొదలైన ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ వాటిని నడిపింది. వాటిలో చాలావాటిని స్కాట్లండులోని డంబార్టన్‌లో, డెన్నీ సోదరుల యార్డులో కట్టారు. కట్టి, విప్పి, ముక్కలుగా రంగూన్ పంపిస్తే అక్కడ నది అవతల డల్లా యార్డులో మళ్లీ బిగించేవారు. 1885 నవంబరులో విక్టోరియా రాణి సైన్యాన్ని మాండలేకు మోసుకెళ్లినవి ఈ కంపెనీ స్టీమర్లే. ఓడిపోయిన బర్మా రాజు తిబాను నది మీద దిగువకు తీసుకుపోయింది కూడా వీటిలో ఒకటే, పేరు తూరియా. తర్వాత వచ్చిన సయాం తరగతి స్టీమర్లు అన్నిటికన్నా పెద్దవి. పొడవు 326 అడుగులు, వెడల్పు 46 అడుగులు, పట్టే ప్రయాణికులు 4,200 మంది.

ఆ చివరి అంకె దగ్గర బాబాయ్ నన్ను ఆపాడు. "మల్లీ సదవండి మాస్టారూ" అన్నాడు. చదివాను. బల్ల మీద సున్నపుముక్కతో రాసుకున్నాడు.

8 అడుగులకు ఒక అంగుళం అని లెక్క పెట్టుకున్నాం. అంటే ఓడ పొడవు 40 ముప్పావు అంగుళాలు, వెడల్పు 5 ముప్పావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలతో పాటు బాబాయ్ పెరట్లో పనసచెట్టు కూడా కూలింది. దాని పలకలు అటక మీద ఎండి సిద్ధంగా ఉన్నాయి. పలక మీద పలక అంటించి, గీసిన గీత ప్రకారం చెక్కుకుంటూ వచ్చాడు. ఎండాకాలంలో ఐరావతి నీళ్లు తగ్గి ఇసుక మేటలు పైకి తేలతాయి కాబట్టి ఆ ఓడలకు అడుగు చదునుగా, లోతు తక్కువగా ఉండాలి. అసలు ఓడ పొట్ట ఉక్కు రేకుది. అందుకని కూల్‌డ్రింకు డబ్బాలు కోసి ఆ రేకు తొడిగాడు. దర్జీలు గుడ్డ మీద గుర్తులేసే పళ్ల చక్రాన్ని రేకు వెనకనుంచి దొర్లిస్తే, ముందువైపు వరసలు వరసలుగా రివెట్లు లేచాయి. పొగగొట్టానికి ఇత్తడి గొట్టం ముక్క, కమ్మీలకు సైకిల్ బ్రేకు తీగలోని పోగులు దొరికాయి.

కష్టమంతా చక్రం దగ్గరే వచ్చింది. మొదట రేకులను చక్రానికి కదలకుండా బిగించాడు. గాబులో తిప్పితే రేకు నీటిని చరుస్తూ దిగుతోంది, లేచేటప్పుడు నీటిని ఎత్తిపోస్తోంది. ఓడను తోయాల్సిన బలం నీళ్లు చిమ్మడానికే ఖర్చయిపోతోంది. నిజం ఓడలవాళ్లూ ఈ చిక్కులోనే పడ్డారు. 1829లో ఎలైజా గాలవే అనే ఇంగ్లిషాయన దీనికి విరుగుడు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ప్రతి రేకునూ బందు మీద ఆడేలా పెట్టి, చక్రం నడుమకు కాస్త పక్కగా ఇంకో ఇరుసు వేసి, అక్కడినుంచి ఒక్కో రేకుకూ ఒక్కో కడ్డీ తగిలిస్తారు. చక్రం తిరుగుతున్నకొద్దీ కడ్డీ రేకును తగినంత లాగి నిటారుగా నిలబెడుతుంది.

బొమ్మ చూపించి ఇదంతా చెప్పాను. బాబాయ్ తల ఊపాడు. "నిలువుగా దిగాల, నిలువుగా లేవాల. ఒరిగిందంటే దెబ్బే" అన్నాడు. అరచేతిలో ఇమిడే ఆ చక్రాన్ని మళ్లీ మళ్లీ విప్పి, మళ్లీ మళ్లీ బిగించాడు. డెన్నీవాళ్లు 1883లోనే నీటితొట్టె కట్టుకుని, మైనపు నమూనాలు అందులో లాగి చూశాకే పెద్ద ఓడలు కట్టేవారని చెబితే, తనూ గాబు పక్కనే మకాం పెట్టాడు. ఒకరోజు చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఓడ గాబు ఈ అంచునుంచి ఆ అంచుకు వెళ్లింది.

బాబాయ్ మనవడు ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని ఆ ఏడాదే గల్ఫులో షిప్‌యార్డుకు వెళ్లాడు. సెలవు రోజున వీడియో కాల్ చేసి, "తాతా, సక్రం తిరిగిందేటి?" అని అడిగేవాడు. ఫోను గాబు మీదికి వంచి చూపిస్తే అక్కడున్న కుర్రాళ్లందరూ మూగి చూశారు. వాడి జీతంలోంచి ఇంటికి డబ్బు రావడం ఇంకా మొదలవలేదని కోడలు ఒకటి రెండుసార్లు అంది. కొత్తలో అంతేనన్నాడు బాబాయ్.

పని సగంలో ఉండగా ఆఫీసాయన చూసిపోదామని వచ్చాడు. పులకరించిపోయాడు. ముత్తాత గురించి మనసు విప్పి మాట్లాడాడు. "ఆయన రంగూన్‌లో మేస్త్రీ అండీ మాస్టారూ. ఈ తీరంనుంచి వందలమందికి దారి చూపించాడు. ఇవాళ నేను గల్ఫుకు చూపిస్తున్నాను. అయితే అప్పటిలా కాదు. లైసెన్సు ఉంది, బీమా ఉంది. సర్వీసు ఛార్జీ 30,000, దాని మీద జీఎస్టీ. చట్టం అంతకు మించి ముట్టుకోనివ్వదు" అన్నాడు. బాబాయ్ తలెత్తకుండా ఉలి నూరుకుంటున్నాడు.

ఆయన వెళ్లాక బాబాయ్ తన తండ్రి సంగతి చెప్పాడు. టెక్కలి, పలాస అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేవి. పంటలు పోయిన ఏడు మేస్త్రీ ఊళ్లోకి వచ్చేవాడు. ఓడ టిక్కెట్టు తనే కొంటానని, ఇంట్లోవాళ్ల చేతిలో బయానా పెడతానని చెప్పేవాడు. రంగూన్ చేరాక బియ్యం మిల్లులో గానీ, రేవులో గానీ, కోతల కాలంలో డెల్టా ఊళ్లలో గానీ పని. కూలి డబ్బు మేస్త్రీ చేతికే వచ్చేది. టిక్కెట్టు, బయానా, వడ్డీ, తన వాటా కోసుకుని మిగిలింది ఇచ్చేవాడు. "నాన్న ఎన్ని కోతలు కోసినా టిక్కెట్టు అప్పు తీరలేదని సెప్పీవోడు" అన్నాడు బాబాయ్. ఇది ఒక్క ఇంటి కథ కాదు. రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే ఉన్న రోజుల్లో, మిల్లుల్లోనూ రేవుల్లోనూ బరువు మోసిన మనవాళ్లలో చాలామంది ఈ లెక్కలోనే బతికారు.

1942లో జపాను సైన్యం బర్మా మీదికి వచ్చిపడుతుంటే లక్షలమంది కొండలూ అడవులూ పట్టి నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. శత్రువుకు దక్కకూడదని ఫ్లోటిల్లా కంపెనీ తన స్టీమర్లను వందల్లెక్కన తనే నదిలో ముంచేసింది. బాబాయ్ తండ్రి నడిచే వచ్చాడు. కాళ్లు పుండ్లై ఇల్లు చేరి, చివరిదాకా కోతల కాలంలో ఎక్కిన స్టీమరు గురించే చెబుతుండేవాడట. పైతట్టు మీద దొరల గదులు, కింద కూర్చోను చోటు చాలక ఒకరి మోకాళ్ల మీద ఒకరు.

ఓడ పూర్తయిందనుకున్నాక కూడా బాబాయ్ ఇవ్వలేదు. పనస పేళ్లతో మనుషుల్ని చెక్కడం మొదలుపెట్టాడు. ఐదున్నర అడుగుల మనిషి ఆ లెక్కలో ముప్పావు అంగుళం కూడా ఉండడు. అందులోనే తలగుడ్డ, మూట, చంకలో బిడ్డ. పడుకున్నవాళ్లు, కమ్మీ పట్టుకు నిలబడ్డవాళ్లు, తల మోకాళ్లలో పెట్టుకున్నవాళ్లు. ఒక్కొక్కరి కింద సన్నటి సూది దిగ్గొట్టి డెక్కు మీద నాటుతూ పోయాడు. 4,200 మంది ఆయన తరం కాదు. కానీ డెక్కు మీద వేలు పెట్టడానికి సందు లేకుండా చేశాడు. అంతవరకూ అది మంచి పనితనం. జనం ఎక్కాక అది మా తీరం చరిత్ర అయింది. ఏ మ్యూజియంలోనైనా పెట్టదగ్గ వస్తువని ఇప్పటికీ అంటాను.

ఆఫీసాయన వచ్చాడు. చక్రం తిప్పి చూశాడు, రివెట్ల వరసలు తడిమాడు, ముత్తాత ఫొటో పక్కన పట్టి పోల్చాడు. కళ్లు చెమర్చాయి. తర్వాత డెక్కు మీదికి వంగాడు.

"ఇంతమంది ఎందుకు తాతా? నీ చెక్కపని వీళ్ల కింద కనబడకుండా పోతోంది. తీసెయ్."

నేను ఊరుకోలేకపోయాను. "వీళ్లను ఎక్కించుకోవడానికే కదండీ ఆ ఓడ కట్టింది?" అన్నాను.

"నిజమే మాస్టారూ. కానీ పెట్టేది ఆఫీసులో కదా. విదేశం వెళ్దామని వచ్చిన కుర్రాడికి మొదట ఇది కనబడితే బాగోదు."

బాబాయ్ ఒక్క మాట అనలేదు. పటకారు తెచ్చుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరినే లాగి బిస్కెట్ల డబ్బాలో వేశాడు. చాలాసేపు పట్టింది. ఆయన ఓపిగ్గా నిలబడి, ఖాళీ డెక్కును తృప్తిగా చూసుకుని జేబులోంచి పర్సు తీశాడు.

"నీ పనికి ఖరీదు కట్టలేను తాతా. అయినా చెప్పు, ఎంతివ్వమంటావు? మొహమాటపడకు."

"ఇచ్చీదేటీ లేదు బాబూ" అన్నాడు బాబాయ్, ఒళ్లోని పేళ్లు దులుపుకుంటూ. "మా మనవడి వీసాకని మీ పుస్తకంలో రెండు లచ్చల ఇరవై వేలు రాసున్నారు గదా, అందులో కోసీసుకోండి. ఇంకా మిగిలితే సెప్పండి, మరో ఓడ సేసి పెడతాను."