కొలకర్రగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొలకర్రగారి దివ్యసముఖమునకు,

క్యాలిఫోర్నియా రాష్ట్రమున అనాహైమ్ నగరమందలి డిస్నీలాండునందు, కృత్రిమపర్వతముల పాదములకడను చీకటిగుహల ముఖద్వారములకడను ఒంటికాలిపై నిలిచి, ఎండకును వానకును చలింపక, తల్లిదండ్రుల చేయి పట్టుకొని వచ్చిన ప్రతి శిశువును ఆపాదమస్తకము పరికించి, నోరు మెదపకయే "నీవు పోవచ్చును, నీవు పోరాదు" అని తీర్పు చెప్పుచుండు తమకు నమస్కారపూర్వకముగా వ్రాసికొను విన్నపము.

ఉద్యానపు యాజమాన్యమునకు వ్రాయవలసినది ఒక కర్రకు వ్రాయుటేమని లోకులు నవ్వవచ్చును. నవ్వనిండు. యజమానులకు వ్రాసినచో వారు మర్యాదగా ప్రత్యుత్తరము పంపుదురు. దానితో ఆ వ్యవహారము ముగియును. తమకు అట్టి మర్యాద లేదు, అధికారము మాత్రమున్నది. శాసనసభ్యుని సిఫారసు ఉత్తరము గాని, "సప్తసముద్రములు దాటి వచ్చినవారము, మరల రాజాలము" అను దీనాలాపము గాని తమ మేనిపైనున్న గీతను వెంట్రుకవాసియైనను క్రిందికి దింపజాలదు. బలిచక్రవర్తి తన యజ్ఞవాటిక ద్వారమున తమవంటివారినొకరిని నిలుపుకొనియున్నచో, ఆ పొట్టి బ్రహ్మచారి లోపల అడుగిడియుండడు. చక్రవర్తికి పాతాళవాసము తప్పియుండెడిది. శుక్రాచార్యులవారికి ఈ యుక్తి తోపకపోవుట ఆశ్చర్యము.

మా బృందముయొక్క స్వరూపమును ముందుగా మనవి చేసెదను. విశాఖపట్టణమునుండి వచ్చిన నేనును నా ధర్మపత్నియు. ఇర్వైనులో కాపురమున్న మా కుమార్తె, అల్లుడు, వారి మూడేండ్ల కూతురు. అల్లుని తల్లి, అనగా మా వియ్యపురాలు, ఆమెకు మోకాళ్ళనొప్పులు. అల్లుని అన్నగారి కుటుంబము, అందులో ఏడాదిన్నర చంటివాడొకడును, 14 ఏండ్లు నిండి ఇంటిల్లిపాదిని లెక్కచేయని కుఱ్ఱవాడొకడును. ఏడేండ్లలోపు పిల్లలు 14 ఏండ్లు నిండినవారి తోడు లేక రైడ్లు ఎక్కరాదని అచ్చటి నియమమగుటచే, ఈ కుఱ్ఱవాడు శాస్త్రప్రకారము పెద్దమనిషియైనాడు. ఆ సంగతి తెలిసిననాటినుండి వానితో మాటలాడుట కష్టమైనది.

ఇందరము ఒక దినమున ఏమేమి ఎక్కవలెను, ఏ క్రమమున ఎక్కవలెనని భోజనానంతరము సమావేశమైతిమి. మా అల్లుడు కంప్యూటరు ఉద్యోగి. గంటగంటకును గడులు గీచి, రంగులు పూసి, ఒక పట్టికను సిద్ధపరచెను. ఉదయము ద్వారము తెరచినతోడనే స్పేస్ మౌంటెన్, తరువాత మాటర్‌హార్న్, మధ్యాహ్నము ఇండియానా జోన్స్: పట్టిక పెద్దల కోరికలతో మొదలై పెద్దల కోరికలతోనే ముగిసినది, పిల్లల సంగతి "వీలునుబట్టి" అను చివరి గడిలో ఉన్నది. నా అభిప్రాయమున ఇట్టి బృందమునకు పట్టిక వ్రాయువారు అందఱిలో పొట్టివానితో ప్రారంభించి పైకి పోవలయును గాని, పొడుగువానితో ప్రారంభించి క్రిందికి దిగరాదు. ఈ మాటకు ఇంటిలో బలము చాలకపోవుటచే తమ సాక్ష్యమును కోరుచున్నాను.

తమ శాసనములు నాకు కంఠస్థములైనవి. స్పేస్ మౌంటెనుకు 40 అంగుళములు, మాటర్‌హార్నుకు 42, ఇండియానా జోన్సుకు 46. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పెరుగుదల పట్టికలనుబట్టి చూడగా, మూడేండ్లు నిండిన బిడ్డ సుమారు 95, 96 సెంటీమీటర్లుండును, అనగా 37 అంగుళములకు పైచిలుకు. 40 అంగుళములు నాలుగేండ్లకు చేరువైనగాని రావు. 46 అంగుళములకు ఆరేండ్లు దాటవలయును. ఫ్లోరిడాలోని తమ జ్ఞాతి స్పేస్ మౌంటెన్ అను అదే పేరుగల పర్వతముకడ నిలిచి 44 అంగుళములు కోరుచున్నాడు గనుక తమ కొలతలన్నియు పక్షపాతములని మా కుఱ్ఱవాడు వాదించెను. పేరొక్కటియే గాని యంత్రములు వేరు: అచ్చట ఒకరి వెనుక ఒకరు కూర్చుందురు, ఇచ్చట ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుందురు, పట్టాల మలుపులు వేరు, ఆసనములు వేరు, కావున గీతయు వేరు.

ఆ గీత వెనుకనున్న కారణములను తెలిసికొనినచో పెద్దలకు తమపై ఇంత కినుక ఉండదు. శిశువునకు దేహముతో పోల్చగా శిరస్సు పెద్దది, మెడకండరములు దుర్బలములు. బండి ఒక్కసారిగా ప్రక్కకు మలగినపుడు ఆ భారమంతయు మోయవలసినది ఆ లేతమెడయే. ఒడిపై దిగు అడ్డకమ్మి ఇరువురికి ఒకటియే యైనచోట, అది స్థూలకాయుడగు తండ్రి తొడను తాకినంతనే ఆగిపోవును. ప్రక్కనున్న బిడ్డకును కమ్మికిని నడుమ, ఆ బిడ్డ జాఱిపోవుటకు తగినంత సందు మిగులును. నేను గట్టిగా పట్టుకొందునని తండ్రి చెప్పును. ప్రతి తండ్రియు చెప్పును.

ఐనను తమ ప్రజ్ఞకొక మేర కలదు. తమరు దేహమును కొలుతురు గాని భయమును కొలువజాలరు. 1967లో తెరచిన పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ కడను, 1969లో తెరచిన హాంటెడ్ మాన్షన్ కడను తమరు లేరు. ఒడిలోని పసికందునకైనను ప్రవేశము కలదు. కాని మొదటిదానిలో పడవ చీకటిలో రెండుమారులు దిగువకు జారును. రెండవదానిలో అడుగిడినంతనే గది గోడలు పైకి సాగనారంభించి, దీపము లారిపోవును. దారి తెరచియున్నది గదా యని బిడ్డను లోపలికి గొనిపోయినవారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇచ్చట కొలువవలసినది తల్లి: ఏ చప్పుడునకు బిడ్డ ఉలికిపడునో, కరెంటు పోయినపుడు ఎవరి కొంగు పట్టుకొనునో ఆమె యెఱుగును.

ఇక చంటివాడు ఎక్కదగినవి ఏవని లెక్క చూచితిని. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనకై నిర్మింపబడి 1966లో అనాహైమునకు తరలివచ్చిన ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవలు, ఎగిరెడు ఏనుగు డంబో, రంగులరాట్నము, కేసీ జూనియర్ అను చిన్న రైలు, ఉద్యానమును చుట్టివచ్చు ఆవిరిబండి. వ్రాసి చూచుకొనగా ఒక వింత బయటపడినది: మా వియ్యపురాలు ఎక్కగోరినవియు దాదాపు ఇవియే. ఏడాదిన్నరవానికిని 68 ఏండ్ల ఆమెకును ఒకే జాబితా సరిపోవుచుండగా, దానిని చివరి గడిలోనికి నెట్టుట ఏ లెక్కను న్యాయము?

నడుమనున్నవారు ఊరక కూర్చుండవలెనని నా ఉద్దేశము గాదు. రైడర్ స్విచ్ అను ఏర్పాటు అచ్చట కలదు: బిడ్డతో ఒకరు వెలుపల ఉండగా తక్కినవారు పోయివత్తురు, పిమ్మట వెలుపలనున్నవారు ఆ పొడవైన వరుసలో మొదటినుండి నిలువకయే పోయివత్తురు. తిరుమలలో ఏడాది నిండని బిడ్డగల తల్లిదండ్రులను సుపథము గుండ పంపుట యెఱిగిన మావారికి ఇది వింత గాదు. వింత యేమనగా, వెలుపల ఉండవలసిన ఆ "ఒకరు" మా పట్టికలో ప్రతి గడియందును తల్లియే, కానిచో అమ్మమ్మయే. రెండవ వంతు వచ్చుసరికి బిడ్డకు ఆకలి యగును, తల్లి "నాకు వద్దులెండి" అనును, అందఱును నమ్ముదురు.

మూడేండ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదని విని, పెద్దల టిక్కెట్లకు వందల డాలర్లు వ్యయించి బిడ్డ టిక్కెట్టు మిగిలినదని సంతోషించు మా బంధువర్గమును గూర్చి తమకు చెప్పి ప్రయోజనము లేదు. నిద్రను గూర్చి చెప్పెదను. ఒకటి రెండేండ్లవారికి పగటి కునుకుతో కలిపి దినమునకు 11 మొదలు 14 గంటలు, మూడు నాలుగేండ్లవారికి 10 మొదలు 13 గంటలు నిద్ర కావలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. నేను మధ్యాహ్నపు గడులనుండి ఇండియానా జోన్సును తుడిచివైచి "కునుకు" అని వ్రాసితిని. మెయిన్ స్ట్రీట్ చివర శిశువుల సంరక్షణకై ఒక కేంద్రము కలదు. అచ్చట పాలిచ్చుటకు మరుగును, తినిపించుటకు పిల్లల కుర్చీలును కలవు. ఇంటినుండి ఆహారము తెచ్చుకొనవచ్చును గాని గాజుసీసాలు కూడవు గనుక, మా ఇల్లాలు ఆవకాయను స్టీలు డబ్బాలోనికి మార్చినది. ఆ పట్టికలో ఎవరును అభ్యంతరము చెప్పని అంశము అదొక్కటియే.

వాల్ట్ డిస్నీ లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కున తన ఇరువురు కుమార్తెలు రంగులరాట్నముపై తిరుగుచుండగా, ప్రక్కన బల్లపై కూర్చుండి వేరుసెనగలు తినుచు, తల్లిదండ్రులును బిడ్డలును కలిసి వినోదింపదగిన చోటొకటి లేదు గదా యని తలపోసెననియు, 1955 జూలై 17న తెరచిన ఆ ఉద్యానమునకు ఆ తలపే బీజమనియు ఆయనయే చెప్పియున్నాడు. ఆ తండ్రి కోరినది బిడ్డప్రక్కన ఒక ఆసనము. మా అల్లుని పట్టికలో అది లేదు.

కావున నా ప్రార్థనలు రెండు. డంబోవంటి రైడ్లకడ, బిడ్డ తోడు లేక వచ్చిన పెద్దలను వరుస చివరకు పంపుటకు తమ వంశీయుల నొకరిని నియమింపవలయును; లెగోలాండ్ డిస్కవరీ కేంద్రములలో బిడ్డ తోడు లేని పెద్దలకు సాధారణముగా ప్రవేశమే లేదు గనుక ఇది గొంతెమ్మకోరిక కాదు. రెండవది ఆంతరంగికము. మా అల్లుడు నిన్న అంగడికి పోయి మడమ లెత్తైన బూట్లు కొనితెచ్చి, లోపల దూది కూరి, బిడ్డకు తొడిగి, నడినెత్తిన సిగ చుట్టించి, గోడకు నిలువబెట్టి కొలిచి, 40 అంగుళములని ప్రకటించెను. అతడెంత బ్రతిమాలినను తమరు కరుణింపరాదు. ఆ పిల్ల యెత్తు 37 అంగుళములు.

చిత్తగింపవలయును.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆ పిల్ల తాత