రాత్రి పనివాళ్ళకు ఇవ్వకూడని సలహాలు

మిరప కోతలు మొదలైతే పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట పల్లెల్లో కళ్ళాల దగ్గర రాత్రి కాపలా తప్పదు. కాయ గుంటూరు యార్డుకు చేరాక కూడా పొద్దున బేరం తెగేదాకా టిక్కీల (మిరప బస్తాల) పక్కనే పడుకోవాలి. పత్తి సీజన్లో జిన్నింగు మిల్లుల నైట్ షిఫ్టు సరేసరి. ఈ జాగారాలు చేసేవాళ్ళకు తలా ఒక సలహా ఇస్తారు, మంచి మనసుతోనే ఇస్తారు. వాటిలో కొన్ని మాత్రం కాలేయానికి చెరుపు చేసేవి.

“రాత్రంతా మేలుకునేవాడు కడుపు మాడ్చుకుంటే ఎట్టా? పన్నెండింటప్పుడు గట్టిగా తిను.”

అందరూ చెప్పేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. మన ఒంట్లో ఉన్నది ఒక్క గడియారం కాదు. మెదడులోని పెద్ద గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. కాలేయ కణాలకు వాటి సొంత గడియారాలున్నాయి, అవి తిండివేళను బట్టి సర్దుకుంటాయి. 2000లో జెనీవాలో ఊలీ షిబ్లర్ బృందం, రాత్రిపూట తినే అలవాటున్న ఎలుకలకు పగలు మాత్రమే మేత పెట్టి చూసింది. కొద్ది రోజుల్లోనే కాలేయంలోని గడియారం తలకిందులైంది, మెదడులోనిది కదల్లేదు. ఒకే ఒంట్లో రెండు వేళలు!

కాలేయం తన ప్రోటీన్లలో కొన్నిటిని వేళను బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. 2006లో బ్రిటన్‌లో అఖిలేశ్ రెడ్డి, సహచరులు ఎలుక కాలేయంలో పరీక్షించిన కరిగే ప్రోటీన్లలో ఐదో వంతు దాకా ఇలా ఊగిసలాడేవే. వేల ప్రోటీన్లను లెక్కించిన 2014 నాటి పరిశోధనల్లో ఆ వాటా ఆరు శాతం దగ్గర తేలింది. కొంచెమే కదా అని తీసిపారేయకూడదు. చక్కెర, కొవ్వుల లెక్క చూసేవి, మందులను విరిచేవి వాటిలో ఉన్నాయి. కాటా వేసేవాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక టిక్కీలు దించినట్టు ఉంటుంది అర్ధరాత్రి బిర్యానీ.

మనుషుల్లోనూ చూశారు. 2021లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగంలో 19 మంది ఆరోగ్యవంతుల చేత నైట్ షిఫ్టులాంటి జీవితం గడిపించారు. రాత్రి కూడా తిన్నవాళ్ళకు రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవాళ్ళకు పెరగలేదు. చిన్న ప్రయోగమే, అయినా దారి చూపిస్తుంది. కాబట్టి కాపలాకు వెళ్ళేముందే, పొద్దుగూకే వేళకు కడుపునిండా తినండి. నడిరేయి ఆకలేస్తే కాస్త మజ్జిగతో సరిపెట్టుకోండి. ఇన్సులిన్, షుగరు బిళ్ళలు వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా తిండివేళ మార్చకూడదు, చక్కెర పడిపోతే ప్రాణం మీదికొస్తుంది.

“రేపు పగలు పడుకుంటే లెక్క సరిపోద్ది.” సరిపోదు. మార్చి ఎండల్లో రేకుల ఇంట్లో, పిల్లల అరుపుల మధ్య పట్టే నిద్ర ఎంతని? పైగా ఇంటికెళ్ళేటప్పుడు కంట పడే ఎండ, ఇప్పుడే తెల్లవారిందని మెదడుకు చెబుతుంది. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యేవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే చేర్చింది, 2019లో మళ్ళీ ఖాయం చేసింది. పగటి నిద్ర మానమని కాదు, కిటికీకి దుప్పటి కట్టి చీకట్లో పడుకోండి. మాటిమాటికీ షిఫ్టులు తిప్పే మిల్లు యజమానులు ఈ సంగతి ఆలోచించాలని గట్టిగా అడుగుతున్నాను.

“ఒక క్వార్టర్ వేస్తే నిద్ర అదే పడుద్ది.” పడుతుంది, సగంలో చెదిరిపోతుంది. ఆ మందును విరిచే పనీ కాలేయానిదే.

రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి దాకా కాలేయం తనను తాను కడుక్కుంటుందని ఫోన్లలో తిరిగే మాట ఇంకొకటి. అది పాత చైనా వైద్యంలోని నమ్మకం. కాలేయానికి కడుగుడు వేళంటూ లేదు, ఇరవైనాలుగు గంటలూ అది పని చేస్తూనే ఉంటుంది.

“కొలెస్ట్రాల్ బిళ్ళ ఎప్పుడేసుకుంటే ఏంది?” బిళ్ళను బట్టి ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా రాత్రిపూట తయారు చేస్తుంది. సిమ్వాస్టాటిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, అందుకే దాన్ని రాత్రి వేసుకోమంటారు. అటోర్వాస్టాటిన్ చాలాసేపు ఉంటుంది కనుక ఏ వేళైనా పరవాలేదు. మరి రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాళ్ళకో? బిళ్ళల అట్ట చూపించి, మీరు ఏ వేళ పని చేస్తారో, ఏ వేళ తింటారో డాక్టరుకు ముందే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.